సనద్ ముందా, క్లాస్ ముందా? అమెరికా బడుల్లో 'రెండో దర్వాజా' తారీఖ్

మన ఇళ్లల్లో ఉస్తాద్ అనే మాట బడికి మాత్రమే పరిమితం కాదు. కుట్టు మిషన్ నేర్పినవాడూ ఉస్తాదే, లారీ ఇంజను విప్పి బిగించడం నేర్పినవాడూ ఉస్తాదే. అక్కడ సనద్ ఎవరూ అడగరు, షాగిర్ద్ చేతిలో పని చూస్తే చాలు. బడి టీచర్ దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. బీఈడీ ఉందా, లేదా? ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాస్ ఉన్నా, పదేళ్లు ట్యూషన్లు చెప్పిన తజుర్బా ఉన్నా, ఆ కాగితం లేకపోతే సర్కారీ హైస్కూల్ గేటు తెరుచుకోదు.

హ్యూస్టన్, డల్లాస్, చికాగో, న్యూజెర్సీ వైపు వెళ్లి స్థిరపడిన మన కుటుంబాల్లో ఎమ్మెస్సీలు చదివిన కోడళ్లు, కూతుళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో కొందరు పర్మిట్ చేతికి రాగానే 'ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్'లో చేరి హైస్కూల్ టీచర్లు అవుదామనుకుంటున్నారు. ఆ మాట ఫోన్లో చెబితే ఇక్కడ అమ్మీకి షక్ వస్తుంది: "బీఈడీ లేకుండా టీచరా? అది అసలు సర్టిఫికెట్టేనా బేటా?" అడగాల్సిన మాటే. దానికి జవాబు తారీఖ్‌లోనే వెతకాలి.

మొదట్లో అమెరికాలో టీచర్లకు ట్రైనింగ్ అనేదే లేదు. ఊరి పెద్దలో, కౌంటీ అధికారో ఒక ఇమ్తిహాన్ పెట్టి, పాసైనవాళ్లకు పాఠం చెప్పే ఇజాజత్ ఇచ్చేవాళ్లు. 1839లో మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్‌లో మొదటి సర్కారీ నార్మల్ స్కూల్ తెరిచారు. నార్మల్ స్కూల్ అంటే టీచర్లను తయారుచేసే బడి. తర్వాతి వందేళ్లలో ఆ బడులు కాలేజీలయ్యాయి, వాటిలో చాలా వరకు యూనివర్సిటీలయ్యాయి, వాటి సనద్ లేనిదే లైసెన్స్ లేదన్న కాయిదా స్థిరపడింది. అంటే ఇవాళ రెండో దర్వాజా అంటున్నది ఒకప్పుడు ఇంటికి ఉన్న ఒకే దర్వాజా.

కాయిదా ఉన్నా టీచర్ల కొరత ఆగదు కదా. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో టీచర్లు ఫౌజులోకి, ఫ్యాక్టరీలలోకి వెళ్లిపోతే రాష్ట్రాలు 'ఎమర్జెన్సీ సర్టిఫికెట్లు' ఇచ్చాయి. 1947 నాటికి అలాంటి కాగితాలతో పాఠాలు చెప్తున్నవాళ్లు లక్షకు పైనే. వాళ్లకు ట్రైనింగ్ లేదు, పక్కన నిలబడి నేర్పేవాళ్లు లేరు. మజ్‌బూరీలో పుట్టిన ఈ పద్ధతి యుద్ధం అయిపోయాక కూడా పోలేదు. లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లు దొరకని చోట, పేదల బస్తీల్లోని బడుల్లో అలాగే ఉండిపోయింది.

ఈ కిస్సా మలుపు తిరిగింది న్యూజెర్సీలో. 1983 ఏప్రిల్‌లో 'ఎ నేషన్ ఎట్ రిస్క్' అనే సర్కారీ రిపోర్ట్ వచ్చి, అమెరికా బడుల హాలత్ ఎంత ఖరాబుగా ఉందో చెప్పి దేశాన్ని కుదిపేసింది. అప్పటి న్యూజెర్సీ గవర్నర్ థామస్ కీన్ చిన్న వయసులో ఒక ప్రైవేటు బడిలో హిస్టరీ చెప్పినవాడు. ప్రైవేటు బడికి లైసెన్స్ అక్కర్లేదు, సర్కారీ బడికి కావాలి. ఈ తేడా ఆయనకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సినది కాదు. ఆయన, విద్యా కమిషనర్ సాల్ కూపర్‌మన్ కలిసి 1984లో కొత్త పథకం తెచ్చారు, 1985లో అది మొదలైంది. డిగ్రీ ఉండాలి, సబ్జెక్టు ఇమ్తిహాన్ పాసవ్వాలి, ఒక బడి ఉద్యోగం ఇవ్వడానికి ఒప్పుకోవాలి. ఆ తర్వాత 'ప్రొవిజనల్' అనే తాత్కాలిక సర్టిఫికెట్‌తో పూర్తి జీతం మీద పాఠం చెప్తూనే 200 గంటల ట్రైనింగ్. అనుభవం ఉన్న టీచర్లు కనిపెట్టుకుని ఉంటారు. ఏడాది చివర్లో బడి సరేనంటేనే పక్కా లైసెన్స్.

బహస్ గట్టిగానే జరిగింది. టీచర్ల యూనియన్, కాలేజీలు ఎదురు తిరిగాయి. సమర్థించేవాళ్లు చెప్పే పాత దలీల్ ఒకటుంది: ప్రిన్స్‌టన్‌లో కాపురమున్న ఐన్‌స్టీన్ కూడా ఆ ఊరి సర్కారీ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పడానికి పనికిరాడు, లైసెన్స్ లేదు కాబట్టి! వినడానికి మజాగా ఉంటుంది కానీ, నన్నడిగితే కచ్చా దలీల్. లెక్క తెలిసిన ప్రతివాడికీ తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్క చెప్పే హునర్ ఉండదు. కీన్ పథకంలో నాకు నచ్చింది ఐన్‌స్టీన్ కాదు, రెండు షరతులు. పాత ఎమర్జెన్సీ సర్టిఫికెట్లను తీసేసి ఆ చోటులో దీన్ని పెట్టడం ఒకటి. కొత్తగా వచ్చినవాళ్లను క్లాసులో ఒంటరిగా వదలకపోవడం రెండోది. ఉస్తాద్-షాగిర్ద్ పద్ధతికి సర్కారీ ముద్ర వేశారన్నమాట.

టెక్సాస్ కూడా వెనకబడలేదు. వ్యాపారి రాస్ పెరో నాయకత్వంలోని కమిటీ సిఫారసుల మీద 1984లో వచ్చిన విద్యా చట్టం దారి తెరిచింది, 1985లో హ్యూస్టన్ బడుల జిల్లా సొంత కార్యక్రమం పెట్టింది. అయితే అక్కడ కథ వేరే వైపు నడిచింది. కొన్నేళ్లకు ప్రైవేటు కంపెనీలకు కూడా ఇజాజత్ ఇచ్చారు. డిగ్రీ, సబ్జెక్టు ఇమ్తిహాన్, కనీసం 300 గంటల ట్రైనింగ్, ఒక ఏడాది ఇంటర్న్‌గా పాఠాలు. ట్రైనింగ్‌లో చాలా భాగం ఆన్‌లైన్‌లోనే. కొన్ని ఏళ్లలో టెక్సాస్ కొత్త టీచర్లలో సగానికి పైగా ఇలాంటి దారుల్లోనే వచ్చారు. న్యూజెర్సీలో ఉస్తాద్ ఉండాలన్న షరతు ముందు వచ్చింది, టెక్సాస్‌లో బాజార్ ముందు వచ్చింది.

1990లో 'టీచ్ ఫర్ అమెరికా' సుమారు 500 మంది కుర్ర పట్టభద్రులను కొన్ని వారాల ట్రైనింగ్‌తో పేద బడుల్లోకి పంపింది. దీని మీద అసలు ఇల్జామ్ ఒకటే: ఇంకా నేర్చుకుంటున్న టీచర్లు ఎప్పుడూ పేద పిల్లలకే ఎందుకు దొరుకుతారు? 2002లో అమల్లోకి వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం ప్రతి పిల్లవాడికీ 'హైలీ క్వాలిఫైడ్' టీచర్ ఉండాలంది. కేంద్ర విద్యా శాఖ మాత్రం, ట్రైనింగ్ మధ్యలో ఉన్నవాళ్లను కూడా ఆ లెక్కలోకే తీసుకోవచ్చని రూల్ రాసుకుంది. కాలిఫోర్నియాలో పేద కుటుంబాల పిల్లలు, వాలిదైన్ కోర్టుకెక్కారు. అదే రెనీ వర్సెస్ డంకన్ కేసు. 2010 సెప్టెంబర్‌లో అప్పీల్ కోర్టు ఫైసలా వాళ్లకు అనుకూలంగా వచ్చింది: ఇంకా పూర్తికాని లైసెన్స్‌ను పూర్తయిందనడం చట్టానికి విరుద్ధం. గెలిచారు, కానీ మూడు నెలలే. ఆ డిసెంబర్‌లో కాంగ్రెస్ ఖర్చుల బిల్లులో ఒక చిన్న నిబంధన చేర్చి పాత రూల్‌నే చట్టం చేసేసింది. చట్టసభలో దీని మీద పెద్ద బహస్ కూడా జరగలేదు. బిడ్డల కోసం కోర్టుకెక్కిన ఆ వాలిదైన్‌ను తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

మరి చదువుల నతీజా? 2013లో మాథమాటికా సంస్థ మిడిల్, హైస్కూల్ లెక్కల క్లాసుల మీద చేసిన పెద్ద పరిశోధనలో, టీచ్ ఫర్ అమెరికా టీచర్ల పిల్లలు మిగతావాళ్ల కంటే కొంచెం ముందున్నారు. నడి వయసులో వృత్తి మార్చుకుని వచ్చిన 'టీచింగ్ ఫెలోస్' దగ్గర చదివిన పిల్లలు మిగతావాళ్లతో సమానంగా ఉన్నారు. కాబట్టి అమ్మీ షక్‌కు సగం జవాబు దొరికినట్టే: ఇది నకిలీ కాగితం కాదు. మిగతా సగం అంత తేలిక కాదు, ఎందుకంటే ఈ దారిలో వచ్చినవాళ్లు ఉద్యోగం వదిలేయడం ఎక్కువ. మొదటి ఏడాది క్లాసు గదిలో ఒంటరిగా పడిపోయినవాళ్లు ఎలా నిలబడతారు?

ఈ తారీఖ్‌లో వింత ఏమిటంటే, టెక్సాస్ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చింది. 2015 నాటి ఒక చట్టం ఇచ్చిన మినహాయింపుతో చాలా బడులు ఏ సర్టిఫికెటూ లేనివాళ్లను తీసుకోసాగాయి. 2023-24లో కొత్తగా చేరిన టీచర్లలో దాదాపు మూడో వంతు అలాంటివాళ్లే. ఎమర్జెన్సీ జమానా మరో పేరుతో వచ్చిందన్నమాట. దీన్ని దశలవారీగా తగ్గించడానికి 2025లో అక్కడి శాసనసభ చట్టం చేయాల్సి వచ్చింది. అంటే ఆల్టర్నేటివ్ దారిలో వచ్చే మన పిల్లలకు గిరాకీ ఇప్పట్లో తగ్గదు. ఉస్మానియా డిగ్రీని అమెరికా లెక్కలో మదింపు చేయించుకుని, ఇంగ్లీష్ ఇమ్తిహాన్ సంగతి చూసుకుని అడుగు పెట్టే ఆపాలు ఫీజు ఎంత అని అడిగే ముందు ఒక్క సవాల్ వేయాలి: మొదటి ఏడాది నా క్లాసుకు ఎవరొస్తారు, ఎన్నిసార్లొస్తారు?