ఏడాది ముందే పుట్టే కారు

మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు. 2024 అక్టోబరులో కొత్త కారు కొన్నాడు. బానెట్ మీద పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో వేశాడు. కింద ‘మా 2025’ అని రాశాడు. తెనాలి నుంచి అక్క వెంటనే ఫోన్ చేసింది. ‘‘దీపావళే ఇంకా రాలేదు, 2025 బండి నీకెవడు అమ్మాడురా? కాగితాలు సరిగ్గా చూసుకున్నావా?’’

‘‘ఇక్కడంతా ఇంతేనమ్మా’’ అని వాడు నవ్వేశాడు. ఆ జవాబు అక్కకు చాలలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ చాలలేదు. ఎందుకంటే మన దగ్గర కథ తిరగబడి ఉంటుంది. డిసెంబరులో ఫ్యాక్టరీ గేటు దాటిన కారు ధనుర్మాసమంతా షోరూములో నిలబడి సంక్రాంతికి ఇంటికొచ్చిందంటే, అప్పటికే అది ‘పోయినేటి బండి’. నెల కూడా నిండని బండికి ఏడాది వయసు కట్టి బేరం ఆడతాం. వాళ్ల కారుకేమో రాని ఏడాది పేరు పెడతారు. ఇంతకీ కారుకు ఏడు కట్టేదెవరు?

మొదట్లో ఎవరూ కట్టలేదు. హెన్రీ ఫోర్డ్ మోడల్ టి 1908లో రోడ్డెక్కి 1927 మే దాకా నడిచింది. కోటిన్నర బళ్లు తయారయ్యాయి. 1914 నుంచి 1925 వరకు నలుపు తప్ప మరో రంగే లేదు. లోపల ఏవో మార్పులు జరుగుతూనే ఉండేవి గానీ, వీధిలో పోతుంటే ఇది ఏ ఏటిదో పోల్చుకోవడం కష్టం. ఫోర్డ్ విద్యంతా ధర తగ్గించడంలో ఉంది. 850 డాలర్లతో మొదలైన బండి 1920ల మధ్యకు 300 డాలర్ల లోపే దొరికేది. బండి మారకపోవడమే తన గొప్ప అనుకున్నాడాయన.

ఆ గొప్పను చిత్తు చేసినవాడు ఆల్‌ఫ్రెడ్ స్లోన్. 1923లో జనరల్ మోటార్స్ అధ్యక్షుడయ్యాడు. చదువుకు ఎలక్ట్రికల్ ఇంజనీరే గానీ, ఆయన చూపు ఇంజిన్ మీద కన్నా కొనేవాడి మనసు మీద ఎక్కువ. అప్పటికి అమెరికాలో మొదటి కారు కొనుక్కోగలిగినవాళ్లు చాలామంది కొనేశారు. ఇక కొత్త బండికి అసలు పోటీ పక్క కంపెనీ కాదు, ఇంటి ముందున్న పాత బండే. అది బాగానే నడుస్తోంది. దాన్ని వదిలించడం ఎలా?

జనరల్ మోటార్స్ వారి 1923 షెవర్లే ఒక దారి చూపించింది. కింద ఇంచుమించు పాత బండే, పైన కొత్త వేషం. నాలుగేళ్ల తర్వాత, 1927లో, స్లోన్ హాలీవుడ్ నుంచి హార్లే ఎర్ల్‌ను పిలిపించాడు. సినిమా తారలకు ప్రత్యేకంగా కార్ల బాడీలు కట్టించి పేరు తెచ్చుకున్నవాడతను. కంపెనీలో ‘ఆర్ట్ అండ్ కలర్’ అని అతని కోసం ఒక విభాగమే పెట్టారు. కార్ల కంపెనీలో రంగుకు, రూపానికి ఒక విభాగం! ఆ ఏడే ఫోర్డ్ మోడల్ టి ఆపేసి, ఫ్యాక్టరీ మూసి నెలల తరబడి కొత్త మోడల్ ఎ కోసం తంటాలు పడ్డాడు. ఆ సందులో షెవర్లే అమ్మకాల్లో ముందుకు దూసుకుపోయింది. జనరల్ మోటార్స్ 1919లోనే వాయిదాల మీద బళ్లిచ్చే సంస్థ ఒకటి పెట్టుకుంది. పాత బండి తెచ్చివ్వండి, మిగతాది నెలనెలా కట్టండి, కొత్తది తోలుకుపోండి.

మనకు ఇది చీరల కొట్టు లెక్క చెబితే చప్పున అర్థమవుతుంది. పోయినేటి డిజైను చీరకు చిరుగు లేదు, రంగు వెలవలేదు. ఆషాఢం సేల్లో మూలకు ఎందుకు పడుతుందంటే, పక్కింటావిడ కట్టుకున్నది ఈ ఏటిది కాబట్టి. స్లోన్ ఇనుముకు చీర కట్టాడు. తమాషా ఏమిటంటే, 1920ల్లో ఏటేటా మోడల్ మార్చాలని తాము ప్రకటించుకున్న విధానమేదీ లేదని ఆయనే తర్వాత తన పుస్తకంలో చెప్పుకున్నాడు. అలవాటు ముందొచ్చింది, దానికి విధానమన్న పేరు వెనక పడింది.

అయితే కొత్త ఏడు జనవరిలో రావాలి గదా, అక్టోబరుకు ఎందుకు జరిగింది? ఇక్కడ కూలివాడి గోడు ఉంది. న్యూయార్క్ ఆటో షో జనవరిలో జరిగేది, కొత్త మోడళ్లు అప్పుడే తెర మీదికొచ్చేవి. అమెరికా వాళ్లు కార్లు కొనేది ఎక్కువగా వసంతంలో. రెండూ ఒకే కాలంలో పడటంతో చలికాలం చివర నుంచి ఫ్యాక్టరీల్లో ఊపిరాడని పని, ఆ తర్వాత నెలల తరబడి ఖాళీ చేతులు. మాంద్యం రోజుల్లో ఇది మరీ దుర్భరమైంది. 1935 జనవరి చివర్లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం కార్ల పరిశ్రమ నియమావళిని సవరించి, కొత్త మోడళ్లను శరదృతువుకు జరపమంది. పని ఏడాది పొడవునా కాస్త సమంగా పరుచుకుంటుందని ఆశ. దాంతో 1935లో న్యూయార్క్ రెండు షోలు చూసింది, జనవరిలో ఒకటి, నవంబరులో ఒకటి. ఆ నవంబరు నుంచి అమెరికా కారు తన పంచాంగం తాను రాసుకుంది. మా వాడి ‘మా 2025’ పుట్టుమచ్చ అక్కడిది.

1950ల్లో ఇది పండగ స్థాయికి వెళ్లింది. సెప్టెంబరు వచ్చిందంటే డీలర్లు షోరూము అద్దాలకు కాగితాలు అంటించి లోపల ఏముందో కనబడకుండా చేసేవారు. బళ్లు లారీల మీద దుప్పట్లు కప్పుకుని వచ్చేవి. ఆ రోజు కాగితం చించుతుంటే పిల్లలూ పెద్దలూ అద్దానికి ముక్కులు ఆనించి నిలబడేవారట. మన ఊళ్లలో పెద్ద హీరో సినిమా మొదటి ఆటకు గేటు తీసినప్పటి సంబరం చూసినవాళ్లకు నేను వేరే వర్ణించనక్కర్లేదు.

ఈ పంచాంగానికీ క్షయ తిథులున్నాయి. 1942 ఫిబ్రవరిలో యుద్ధం కోసం మామూలు కార్ల తయారీ ఆపేశారు. చివరి వారాల బళ్లకు క్రోమియం కూడా దక్కలేదు, మెరవాల్సిన చోట రంగు పూసి పంపారు. 1943, 44, 45 మోడల్ కార్లు అమెరికాలో దాదాపు లేనట్టే. 1946లో వచ్చినవి చాలావరకు 1942 బళ్లే, ముఖం కడుక్కుని వచ్చాయి.

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ మస్టాంగ్‌ను బయటపెట్టింది. ఏడాది నడిమధ్యన. కాగితాల మీద అవన్నీ 1965 మోడళ్లే. కానీ మొదటి కొద్ది నెలల బళ్లలో కరెంటుకు పాత పద్ధతి జనరేటర్ ఉండేది, ఆగస్టు ప్రాంతం నుంచి ఆల్టర్నేటర్ వచ్చింది. పాత కార్ల పిచ్చివాళ్లు ఊరుకుంటారా? మొదటి విడతకు ‘1964½’ అని పేరు పెట్టేశారు. కంపెనీ ఎప్పుడూ పెట్టని ఆ అర ఏడుకు ఇవాళ్టికీ బజారులో వేరే గౌరవం ఉంది. బానెట్ ఎత్తి మొదట చూసేది జనరేటరే.

దీనికి ఎదురు కథ షెవర్లే కార్వెట్‌ది. 1953 నుంచి ఏటా వస్తున్న ఈ స్పోర్ట్స్ కారుకు 1983 ఏడే లేదు. సరికొత్త రూపం సిద్ధం చేస్తుంటే పనులు ఆలస్యమయ్యాయి. చివరకు 1983 వసంతంలో బయటికి వదులుతూ దాన్ని 1984 మోడల్ అన్నారు. 1983 పేరుతో కట్టిన బళ్లు నలభైకి పైగా ఉన్నా అవి పరీక్షల కోసం కట్టినవి, అమ్మడానికి కాదు. తర్వాత అన్నిటినీ తుక్కు చేశారు, ఒక్కటి తప్ప. ఆ ఒక్క తెల్ల కారు కెంటకీలో, బౌలింగ్ గ్రీన్‌లోని కార్వెట్ మ్యూజియంలో ఉంది. 2014 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ఆ మ్యూజియం నేల కుంగి ఎనిమిది కార్వెట్లు గోతిలో పడ్డాయి. లేని ఏటి కారు మాత్రం వాటిలో లేదు. ఏ సినిమా రచయిత రాసినా నమ్మని మలుపు.

ఇలా అమ్మేవాడి ఇష్టం మీద నడిచిన లెక్కకు సర్కారు కంచె కట్టాల్సి వచ్చింది. పొగ, భద్రతల మీద నియమాలు ‘ఫలానా ఏటి మోడల్ నుంచి’ అని రాస్తారు కాబట్టి, ఏడంటే ఏమిటో తేల్చాలి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ఇది: మోడల్ ఏడులో ఆ ఏటి జనవరి 1 ఉండాలి, ఇంకో జనవరి 1 ఉండకూడదు. అంటే 2025 మోడల్ కారును 2024 జనవరి 2 నుంచి 2025 డిసెంబరు 31 దాకా ఎప్పుడైనా తయారు చేయొచ్చు. ఒక ఏడు దాదాపు రెండేళ్లు సాగుతుంది. మా అక్క అనుమానానికి అసలు జవాబు ఇదే.

కారు ఛాసిస్ మీద చెక్కే 17 అక్షరాల నంబరు 1981 మోడళ్ల నుంచి అమెరికాలో ఒక పద్ధతికి వచ్చింది. అందులో పదో అక్షరం మోడల్ ఏడు. 1980కి ‘ఎ’, 1981కి ‘బి’, అలా సాగుతుంది. ఐ, ఓ, క్యూ లాంటివి అంకెల్లా కనబడి తికమక పెడతాయని కొన్నిటిని వదిలేశారు. 2001 నుంచి 2009 దాకా అంకెలు వాడి, 2010లో మళ్లీ ‘ఎ’కి వచ్చారు. అంటే ముప్ఫై ఏళ్ల చక్రం. మా వాడి బండికి ‘ఎస్’. 1995 బండికీ ‘ఎస్’ అనే ఉంటుంది. ప్రభవ, విభవ అని అరవై ఏళ్లకోసారి చుట్టి వచ్చే మనకు ఇది కొత్తేం కాదు. తాతగారి ‘క్రోధి’ వేరు, మనవడి ‘క్రోధి’ వేరు అని ఇంట్లో చూసి చెప్పుకుంటాం గదా, అక్కడ ఏడో స్థానం చూసి చెబుతారు. ముందు చక్రం కార్లకు అక్కడ అంకె ఉంటే, ఇప్పటి వాటికి అక్షరం.

ఇంగ్లండులో ఏడు నేరుగా నంబరు ప్లేటుకే ఎక్కింది. 1963లో నంబరు చివర ఏటికో అక్షరం మొదలుపెట్టారు. జనవరిలో మారేది. 1967లో కంపెనీల కోరిక మీద ఆ మార్పును ఆగస్టు 1కి జరిపారు. మందకొడి నెలలో గిరాకీ పుట్టించాలని ఎత్తు. దాంతో ‘ఇ’ అక్షరానికి ఏడు నెలల ఆయుష్షే దక్కింది. ఎత్తు మరీ బాగా పారింది. అందరూ జూలై అంతా ఆగి ఆగస్టు 1న విరుచుకుపడటం మొదలెట్టారు. మరి కొత్త అక్షరం వీధి మొత్తానికి కనబడుతుంది! చివరకు 1999లో ఏడాదికి రెండుసార్లు, మార్చిలో, సెప్టెంబరులో మార్చడం మొదలెట్టారు. 2001 సెప్టెంబరు నుంచి అంకెలొచ్చాయి. 2024 మార్చి బండికి 24, సెప్టెంబరు బండికి 74. బండి వయసు దాచదలచినవాళ్లు ఉత్తర ఐర్లండ్ నంబర్లు కొని తగిలిస్తారు, వాటిలో ఏడు ఉండదు. పాత బండికి కొత్త ఏటి నంబరు వేయడం మాత్రం నేరం.

పక్కనే ఐర్లండ్‌లో 1987 నుంచి ప్లేటు ఏడుతోనే మొదలవుతుంది. 2013 దగ్గర పడేకొద్దీ 13 అంకె ఉన్న బండి ఎవరు కొంటారని వ్యాపారులకు దిగులు పట్టుకుంది. అప్పుడు ఏడాదిని రెండు ముక్కలు చేసి 131, 132 అన్నారు. అమ్మకాలు రెండు విడతలుగా పంచుకున్నట్టూ అయింది, అపశకునం తప్పినట్టూ అయింది. రాహుకాలం చూసి డెలివరీ తీసుకునే మనం వాళ్లను చూసి నవ్వకూడదు.

జపాన్‌లో కంపెనీ చెప్పే ఏడు కన్నా మొదటి రిజిస్ట్రేషన్ తేదీకే విలువ, అదీ చక్రవర్తి శకంలో రాస్తారు. 2019 ఏప్రిల్‌లో రిజిస్టరైన కారు హెయ్‌సెయ్ 31, మే నెలలో రిజిస్టరైంది రెయివా 1. జర్మనీలో వోక్స్‌వ్యాగన్ 1955 నుంచి వేసవి సెలవుల తర్వాత, ఆగస్టులో ఏడు మార్చేది. కార్మికులు సెలవుల్లో ఉన్నప్పుడు యంత్రాలు మార్చుకోవడం తేలిక.

మన సంగతికొస్తే, అంబాసిడర్ కాలంలో ఏడు అడిగినవాడే లేడు. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని రాజుల వంశంలా చెప్పుకునేవాళ్లం, రాజ్యం మారకపోయినా. ఇప్పుడు ఆర్‌సీలో తయారైన నెల, ఏడు ఉంటాయి. రిజిస్ట్రేషన్ చెల్లుబాటయ్యే 15 ఏళ్లు మాత్రం రిజిస్టరైన రోజు నుంచి లెక్క. ఈ రెండు తేదీల మధ్య చీలిక ఎంత లోతుందో 2017 మార్చి 29న తెలిసింది. ఆ రోజు ఉగాది. ఏప్రిల్ 1 నుంచి పాత పొగ నియమాల, అంటే బీఎస్-3 బళ్లు అమ్మడానికి, రిజిస్టర్ చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. మాకు ఆపమన్నది తయారీనే గానీ అమ్మకం కాదు గదా అన్నది కంపెనీల వాదన. కోర్టు ఒప్పుకోలేదు. 8.24 లక్షల బళ్లు అమ్ముడుకాకుండా ఉన్నాయి, అందులో 6.71 లక్షలు రెండు చక్రాలవే. మిగిలిన ఆ రెండు రోజులూ టూవీలర్ షోరూముల ముందు జాతరే. వేల రూపాయల తగ్గింపు, రంగు ఎంచుకునే తీరిక లేదు. తయారైన రోజు అవే బళ్లు చట్టప్రకారం నిక్షేపంగా ఉన్నవే.

ఈమధ్య నేనూ ఒక పాత కారు చూడటానికి హైదరాబాద్‌లో ఒక యార్డుకు వెళ్లాను, మా మెకానిక్‌ను వెంటబెట్టుకుని. అమ్మేవాడు ఆర్‌సీ తీసి చూపిస్తూ ‘‘2018 సార్’’ అన్నాడు. మా మెకానిక్ దాని వంక చూడనే లేదు. ‘‘ఆర్‌సీ తర్వాత చూద్దాం సార్, ముందు బండిని అడుగుదాం’’ అన్నాడు. సీటు బెల్టు చివరిదాకా లాగి అడుగున ఉన్న గుడ్డ చీటీ తిప్పాడు. తేదీ సరిపోయింది. టైరు పక్కన బొటనవేలితో దుమ్ము తుడిచాడు. 3518, అంటే 2018లో 35వ వారం. స్టెప్నీ కూడా అదే ఏడు. తర్వాత అద్దాలు. ప్రతి అద్దం మూలన ఏడు చెప్పే ఒక చిన్న అంకె, పక్కన చుక్కలు ఉంటాయి. ఒంగి ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్లాడు: ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. వెనక ఎడమ తలుపు దగ్గర ఆగిపోయాడు.

‘‘ఇది 2020 సార్’’ అన్నాడు, అమ్మేవాడి వంక చూస్తూ.

అమ్మేవాడు తాళాలు జేబులో వేసుకుని, టీ చెప్పమంటారా అన్నాడు.