బ్రేకు పట్టి చూస్తేనే తెలిసేది ఇంజను బలం



మన దగ్గర తిరునాళ్లకి, సంక్రాంతికి బండలాగుడు పందేలు పెడతారు కదా. అక్కడ ఒక సంగతి గమనించండి. "మా గిత్తలు ఏనుగుల్లాంటివి" అని యజమాని ఎంత చెప్పుకున్నా బహుమతి రాదు. బండ కట్టాలి, గడియారం పెట్టాలి, టేపు పట్టి అడుగులు కొలవాలి. ఎంత బరువు, ఎంత దూరం, ఎంత టైము అన్న మూడు లెక్కలూ తేలాకే ఎవరి జత గట్టిదో ఒప్పుకుంటాం.

అదే మనం, లక్షల అప్పు చేసి ట్రాక్టరు కొనేటప్పుడు మాత్రం బానెట్ మీద రాసిన అంకె చూసి సంతకం పెట్టేస్తాం. ఆ హెచ్‌పీ ఎవరు కొలిచారు, ఎక్కడ కొలిచారు, ఎలా కొలిచారు అని అడిగేవాళ్లు ఊరికి ఒకరిద్దరు కూడా ఉండరు. అందుకే ఈ రోజు ఆ అంకె వెనక ఉన్న చరిత్ర రాస్తున్నా. ఇందులో గుర్రాలు వస్తాయి, ఓడలు వస్తాయి, రేసు విమానాలు, రేసు కార్లు వస్తాయి. చివర్లో మనలాంటి ఒక రైతు కూడా వస్తాడు. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందు హెచ్‌పీ అనే మాట ఎక్కడిదో చూద్దాం. 1780ల్లో జేమ్స్ వాట్ ఇంగ్లండులో ఆవిరి యంత్రాలు అమ్మేవాడు. అప్పట్లో మిల్లులను గుర్రాలతో తిప్పేవాళ్లు, మన గానుగకు ఎద్దును కట్టినట్టే. యంత్రం కొనడానికి వచ్చినవాడు అడిగే ప్రశ్న ఒకటే: "నీ యంత్రం ఎన్ని గుర్రాల పెట్టు?" వాట్ దానికి లెక్క కట్టాడు. గుర్రం 12 అడుగుల దూరంలో నడుస్తూ గంటకు 144 చుట్లు తిరుగుతుంది, 180 పౌండ్ల బలంతో లాగుతుంది అనుకుని గుణించి, చివరికి నిమిషానికి 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తగలిగితే అది ఒక హార్స్ పవర్ అని తేల్చాడు. మన కిలోల లెక్కలో చెప్పాలంటే 75 కిలోలను ఒక్క సెకనులో మీటరు ఎత్తు లేపడం, కాస్త అటూఇటూగా. అంటే హెచ్‌పీ పుట్టిందే అమ్మకం దగ్గర. అందుకే అమ్మేవాడి మాటకు కొలత తోడు ఉండాలి.

ఆ కొలతకు సాధనం 1821లో ఫ్రాన్సులో వచ్చింది. ప్రోనీ అనే ఇంజనీరు తయారుచేశాడు. ఇంజను షాఫ్టుకు ఉన్న చక్రాన్ని రెండు చెక్క దిమ్మెల మధ్య పెట్టి బిగిస్తారు. ఆ దిమ్మెలకు పొడుగాటి కర్ర ఉంటుంది. చక్రం తిరుగుతూ కర్రను కూడా తనతో తిప్పుకుపోవాలని చూస్తుంది. కర్ర కొసన బరువులు వేసి దాన్ని కదలకుండా నిలబెడతారు. కర్ర పొడవును బరువుతో గుణిస్తే టార్క్, అంటే తిప్పే బలం. దాన్ని నిమిషానికి తిరిగే చుట్లతో లెక్క కడితే హెచ్‌పీ. టార్క్‌ను కిలో-మీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎంతో గుణించి, 716తో భాగిస్తే సరి. ఈ రోజుకీ ప్రపంచంలో ఏ ఇంజనుకైనా లెక్క ఇదే. బ్రేకు పట్టి కొలిచారు కాబట్టే దానికి బ్రేక్ హార్స్ పవర్ అని పేరు వచ్చింది. ఖాళీగా రయ్యిమని తిరిగే ఇంజను బలం ఎవరికీ తెలియదు. అడ్డం పట్టినప్పుడే తెలుస్తుంది.

చెక్క బ్రేకుతో ఒక చిక్కుంది. ఇంజను బలమంతా రాపిడి వేడిగా మారి చెక్క కాలిపోతుంది. దీనికి మందు విలియం ఫ్రూడ్ కనిపెట్టాడు. ఈయన ఇంగ్లండులో ఓడల ఇంజనీరు. పెద్ద ఓడ ఇంజన్లను కొలవడానికి 1877లో నీళ్ల బ్రేకు రూపొందించాడు. ఒక డొప్పలో నీళ్లు, అందులో తిరిగే చక్రం. చక్రం నీళ్లను తోస్తే, నీళ్లు డొప్పను తోస్తాయి. డొప్పకు ఉన్న కర్ర కాటాను నొక్కుతుంది. వేడెక్కిన నీళ్లు బయటకు పోతుంటే చల్లని నీళ్లు లోపలికి వస్తుంటాయి. ఈ పద్ధతి మీద తయారైన యంత్రాలే తర్వాత రేసు ఇంజన్ల టెస్టు గదుల్లోకి వెళ్లాయి. దీన్నే డైనమోమీటర్ అంటారు, షాపుల్లో డైనో అని పిలుస్తారు.

కొలవకుండా కాగితం మీద లెక్క వేస్తే ఏమవుతుందో కూడా చరిత్ర చూపించింది. బ్రిటన్‌లో 1921 నుంచి కారుకు హెచ్‌పీకి ఒక పౌండు చొప్పున పన్ను వేశారు. కానీ ఆ హెచ్‌పీని బ్రేకు మీద చూడలేదు. సిలిండరు వెడల్పు ఎంత, సిలిండర్లు ఎన్ని అని చూసి సూత్రంతో కట్టేశారు. కంపెనీలు ఏం చేశాయి? సిలిండరు సన్నగా చేసి స్ట్రోకు పొడుగు పెంచాయి. కాగితం మీద హెచ్‌పీ తక్కువ, రోడ్డు మీద ఎక్కువ. కొలత తప్పయితే యంత్రమే తప్పుగా తయారవుతుందన్నమాట.

ఇప్పుడు రేసులకు వద్దాం. 1931లో ష్నైడర్ ట్రోఫీ అనే సముద్ర విమానాల పందెం కోసం రోల్స్ రాయిస్ కంపెనీ 'ఆర్' అనే ఇంజను సిద్ధం చేసింది. 12 సిలిండర్లు, దాదాపు 37 లీటర్ల ఇంజను. 1929 పందెంలో దాని బలం సుమారు 1,900 హెచ్‌పీ. రెండేళ్లలో దాన్ని 2,350 హెచ్‌పీకి తెచ్చారు. అంటే మన 47 హెచ్‌పీ ట్రాక్టర్లు 50 కలిపినంత! అయితే అసలు కష్టం ఆ అంకె చేరుకోవడం ఒక్కటే కాదు. ఆ బలాన్ని ఒక గంటసేపు విరగకుండా నిలబెట్టడం. డెర్బీ ఊళ్లో టెస్టు బెంచీ మీద ఇంజనును పూర్తి బలంతో తోలడం, ఏదో ఒక భాగం పోవడం, ఇంజను విప్పి ఆ భాగాన్ని గట్టిగా చేసి మళ్లీ తోలడం. నెలల తరబడి ఇదే పని. టెస్టులో గాలి విసరడానికి, చల్లబరచడానికే వేరే విమాన ఇంజన్లు పక్కన నడిపారు. ఊరి జనం ఆ మోత భరించారు. విరిగేదేదో గదిలోనే విరిగింది కాబట్టి ఆకాశంలో పైలట్ ప్రాణం నిలిచింది. 1931 సెప్టెంబరు 13న ఆ ఇంజనుతో గంటకు సుమారు 547 కిలోమీటర్ల సగటు వేగంతో ట్రోఫీ గెలిచారు. అదే నెల 29న వేగం 650 కిలోమీటర్లు దాటింది.

దీనికి పూర్తి భిన్నమైన కథ 1986 ఫార్ములా వన్‌ది. బీఎండబ్ల్యూ వాళ్ల ఇంజను నాలుగు సిలిండర్లు, 1,499 సీసీ. మన 45 హెచ్‌పీ ట్రాక్టరు ఇంజను సీసీలో దాదాపు సగం. క్వాలిఫైయింగ్ ల్యాపుల కోసం టర్బో ఒత్తిడి బాగా పెంచి టెస్టు చేస్తే, వాళ్ల డైనో 1,280 హెచ్‌పీ దాకే చూపగలదు కాబట్టి అక్కడితో ఆగిపోయింది. ఆ పైన ఎంతో ఎవరూ కొలవలేదు. 1,400 అని కథలు కథలుగా చెప్పుకుంటారు, అదంతా అంచనాయే. ప్రపంచంలో పెద్ద కంపెనీ అయినా సరే, కొలత ఆగిన చోట నుంచి మిగిలేది మాటే. ఇంకో సంగతి, ఒత్తిడి అంత పెంచిన ఇంజను ఆయుష్షు కొద్ది ల్యాపులే. మనకు కావాల్సింది పదిహేనేళ్లు దున్నే ఇంజను.

ఇక్కడ ఒక లెక్క చూడండి. 40 హెచ్‌పీ స్పోర్ట్స్ బైకు, 40 హెచ్‌పీ ట్రాక్టరు. రెండిటి హెచ్‌పీ ఒకటే కదా, మరి బైకు ఇంజనుకు నాగలి కడితే ఎందుకు లాగదు? బైకు ఆ 40ని 8,500 ఆర్‌పీఎం దగ్గర ఇస్తే, పై సూత్రం ప్రకారం దాని టార్క్ మూడున్నర కిలో-మీటర్ల లోపే. ట్రాక్టరు 2,000 ఆర్‌పీఎం దగ్గర ఇస్తే టార్క్ 14 కిలో-మీటర్ల పైన. గేర్లు వేసి బైకు టార్క్ పెంచొచ్చు. కానీ రోజంతా అంత ఆర్‌పీఎంలో లోడు మీద నడిస్తే అది ఎన్నాళ్లు బతుకుతుంది? కాబట్టి హెచ్‌పీతో పాటు అది ఏ ఆర్‌పీఎం దగ్గరో కూడా అడగాలి.

ఇక మన రైతు కథ. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో విల్మాట్ క్రోజియర్ అనే రైతు ఉండేవాడు. ఫోర్డ్ అనే పేరు చూసి ఒక ట్రాక్టరు కొన్నాడు. అది హెన్రీ ఫోర్డ్‌ది కాదు, ఆ పేరు పెట్టుకున్న వేరే కంపెనీది. అది పని చేయలేదు. ఇంకో కంపెనీది కొన్నాడు, అదీ అంతే. మూడోసారి కొన్న రూమ్లీ ట్రాక్టరు మాత్రం చెప్పినదానికంటే ఎక్కువే లాగింది. అంటే మంచి యంత్రాలు ఉన్నాయి, కానీ కొనేవాడికి ముందే తెలిసే దారి లేదు. క్రోజియర్ తన గోడు ఊళ్లో చెప్పుకుని ఊరుకోలేదు. శాసనసభకు ఎన్నికై 1919లో చట్టం తెచ్చాడు. యూనివర్సిటీలో పరీక్ష పెట్టకుండా కొత్త మోడల్ ట్రాక్టరు రాష్ట్రంలో అమ్మకూడదు, పైగా కంపెనీ స్పేరు పార్టులు అందుబాటులో ఉంచాలి. 1920లో టెస్టు నంబరు 1గా వాటర్లూ బాయ్ అనే ట్రాక్టరు పరీక్షకు నిలబడింది. దాని రేటింగ్ 12-25. డ్రాబార్ దగ్గర 12, బెల్టు దగ్గర 25. చూశారా, వందేళ్ల కిందట ట్రాక్టరు మీద రెండు అంకెలు ఉండేవి! ఇప్పుడు బానెట్ మీద ఒకటే ఉంటోంది, అది కూడా చాలావరకు ఇంజను హెచ్‌పీ.

మన దేశంలోనూ ఈ పరీక్ష ఉంది. మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో 1955లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తుంది. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా వ్యవసాయ యంత్రాల శిక్షణకు, పరీక్షకు కేంద్ర సంస్థ ఉంది. ట్రాక్టరు టెస్టు రిపోర్టులో పీటీవో హెచ్‌పీ, డ్రాబార్ హెచ్‌పీ, డీజిలు ఖర్చు, టార్క్ బ్యాకప్ అన్నీ ఉంటాయి. వేడి గాలి పల్చగా ఉండి ఇంజను బలం తగ్గుతుంది కాబట్టి, ఎక్కువ వేడిలో కూడా తోలి చూస్తారు. మన మే నెల దుక్కులకు ఆ అంకే ముఖ్యం.

డీజిలు సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తా. ఒక ట్రాక్టరు హెచ్‌పీకి గంటకు 180 గ్రాములు తాగుతుంది, ఇంకోటి 200 అనుకుందాం. 40 హెచ్‌పీ లోడు మీద తేడా గంటకు 800 గ్రాములు, అంటే లీటరుకు కాస్త తక్కువ. ఏడాదికి 600 గంటలు నడిపితే 570 లీటర్ల పైమాటే. అన్ని గంటలూ ఫుల్ లోడు ఉండదు, సగమే అనుకోండి. లీటరు 95 రూపాయలైతే ఏడాదికి 27 వేలు. అప్పు తీరేలోపు ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి.

పోయినసారి నేను షోరూములో పీటీవో హెచ్‌పీ ఎంత అని అడిగితే, అమ్మే కుర్రాడు బానెట్ మీద అంకె చూపించాడు. టెస్టు రిపోర్టు చూపించు బాబూ అంటే, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండీ అన్నాడు. ఆ మాట విని నాకే సిగ్గేసింది. ఈసారి ట్రాక్టరు కొనేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఆ రిపోర్టు అడగండి. చదవడం రాకపోతే ఫొటో తీసి పంపండి, కూర్చుని చూద్దాం.