మునిసిపాలిటీ ఖజానా – మన బడి పిల్లలు

మన పేటల్లో ఉర్దూ బడి మాట వచ్చినప్పుడల్లా, దానికి డబ్బు ఎవరివ్వాలి అనే ప్రశ్న లేస్తుంది. కొందరు పెద్దలు సర్కారు అంటారు, కొందరు వక్ఫ్ అంటారు, ఇంకొందరు రసీదు పుస్తకాలు తీసి చందాలకు బయలుదేరుదామంటారు. మునిసిపాలిటీ పేరెత్తేవారు తక్కువ. అయితే పాత చరిత్ర తిరగేస్తే ఆ పేరు చాలా ముందే కనిపిస్తుంది. ఆ సంగతి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయదలిచాము.

గోదావరి మీద 1852లో, కృష్ణ మీద 1855లో ఆనకట్టలు పూర్తయ్యాయి. నీళ్లొచ్చాయి, మాగాణి పెరిగింది, రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడాయి. ఆ కాలంలోనే నరసాపురం ప్రాంతంలో సబ్ కలెక్టరు టేలరు దొర ప్రోత్సాహంతో ఊళ్ల రైతులు శిస్తుతోపాటు బడి కోసం కొంత అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు. వాటిని రేటు స్కూళ్లు అన్నారు. 1863లో మద్రాసు ప్రభుత్వం వాటి కోసం ఒక చట్టమే చేసింది. 1871లో మరో రెండు చట్టాలు వచ్చి, పల్లెల్లో లోకల్ ఫండుకూ, పట్టణాల్లో మునిసిపాలిటీలకూ బడి ఖర్చులో వాటా పెట్టాయి. కనుక ఊరి సొమ్ముతో బడి నడపడం మన డెల్టాలకు కొత్త కాదు. కాని శిస్తు కట్టేవాడు భూమి ఉన్నవాడు. ఆ సొమ్ము గురించి జరిగే సభలో కూలివాడికీ, బండి తోలేవాడికీ, దూదేకుకునేవాడికీ మాట ఎక్కడిది?

ఈ లోటు పైవాళ్ల దృష్టికి కూడా వచ్చింది. 1882లో హంటరు దొర అధ్యక్షతన విద్యా కమిషన్ కూర్చుంది. ముస్లిముల చదువు గురించి ఆ కమిషన్ 17 సిఫారసులు చేసింది. వాటిలో మొట్టమొదటిది మన పెద్దలు గుర్తుంచుకోదగినది. ముస్లిముల విద్యకు ప్రత్యేకంగా ఇచ్చే ప్రోత్సాహం లోకల్ నిధులకూ, మునిసిపల్ నిధులకూ, ప్రభుత్వ నిధులకూ న్యాయంగా చెందిన ఖర్చే అని దాని భావం. దయతో ఇచ్చే ఖైరాతు అనలేదు, ఖర్చు పద్దు అన్నారు! మక్తబులు లెక్కలు, భూగోళం వంటివి కూడా చెప్పేటట్లు వాటికి ధారాళంగా సాయం చేయాలని కూడా చెప్పారు. మన బెజవాడ మునిసిపాలిటీ పుట్టింది 1888 ఏప్రిల్ 1న. అంటే మునిసిపాలిటీకి ఖజానా అనేది ఏర్పడకముందే ఆ ఖజానాలో మన పిల్లలకు పద్దు ఉండాలని వ్రాసిపెట్టారన్న మాట. సిఫారసు వేరు, బడ్జెట్టు వేరు, అది నిజమే. అయినా వ్రాసిన మాటకు ఒక విలువ ఉంటుంది.

1920లో మద్రాసు ఎలిమెంటరీ విద్యా చట్టం వచ్చింది. బడి కోసం ప్రత్యేకంగా విద్యా పన్ను వేసుకునే అధికారం స్థానిక సంస్థలకు దొరికింది. ఇంటి పన్ను కట్టే ప్రతి గృహస్థుడూ బడికి కూడా కడుతున్నాడు గనుక, పంతులు రాకపోతే కౌన్సిలరు ఇంటికి వెళ్లి అడిగే హక్కు కలిగింది.

స్వతంత్రం వచ్చిన తరువాత 1949లో విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం చెప్పింది. తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని మాతృభాష వేరైన పిల్లలుంటే ఆ భాషలో చెప్పే పంతుల్ని వేయాలని. 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయవలసినవారు రాష్ట్రమూ, ఆ రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థా అని అందులో ఉంది. హంటరు చెప్పిన మునిసిపాలిటీయే మళ్లీ ఇక్కడా వచ్చింది.

కాలక్రమేణా ఆ బాధ్యత పైకి జరుగుతూ పోయింది. 1959లో జిల్లా పరిషత్తులు, సమితులు వచ్చాయి. 1981లో విజయవాడ కార్పొరేషన్ అయింది. జీతాల భారం మెల్లగా రాష్ట్రం మీదికి పోయింది. 2022లో మునిసిపల్ బడుల పర్యవేక్షణను పాఠశాల విద్యాశాఖకు అప్పగిస్తూ జి.ఓ. 84 ఇచ్చారు. జీతం నెలనెలా వస్తే పంతులుకు మంచిదే, మేమూ ఆ జీతగాళ్లమే. కాని వించిపేటలో, తారాపేటలో ఒక ఉర్దూ సెక్షన్ పలచబడితే తండ్రి ఎవరింటికి వెళ్లి అడగాలి? 2022లోనే జి.ఓ. 117 ప్రకారం ప్రాథమిక బడుల 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపే పని మొదలైంది. 2025లో దాన్ని రద్దు చేశారు. ఈ మూడేళ్ల రాకపోకల్లో చిన్నపిల్లల తల్లులు పడిన హైరానా మా అందరికీ తెలుసు.

ఇక బడి ఈడు రాని పిల్లల సంగతి. బడికి ఊరి సొమ్ము ఒకప్పుడైనా ఉంది, పసిపిల్లలకు ఎన్నడూ లేదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దాని అధ్యక్షురాలు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మ. ఆ బోర్డు బాలవాడీలకు గ్రాంట్లిచ్చింది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ఐ.సి.డి.ఎస్. ప్రారంభమై అంగన్‌వాడీలు వచ్చాయి. అవి కూడా కేంద్రమూ రాష్ట్రమూ కలిసి పెట్టే ఖర్చే. ఫ్యాక్టరీలో నిర్ణీత సంఖ్యకు మించి ఆడవాళ్లుంటే ఉయ్యాల గది పెట్టాలని 1948 చట్టంలో చెప్పారు. పొలంలో నాట్లు వేసే తల్లికి ఫ్యాక్టరీ ఏది? ఇళ్లల్లో పాచిపని చేసే అమ్మకు ఏది?

హాజరు పట్టీ వేసే మా వంటివారికి దీని ఫలితం కనిపిస్తూనే ఉంటుంది. అమ్మీ పనికి వెళ్తే తమ్ముణ్ణి చంకనేసుకుని ఆపా ఇంట్లో ఉండిపోతుంది. నాట్ల రోజుల్లో పల్లె బడిలోనూ ఇదే తంతు. 2020లో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం, ఈ రెండూ ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లల తల్లులకు ఉద్దేశించినవి. 2022లో అమ్మ ఒడికి 75 శాతం హాజరు ఖచ్చితంగా చూశారు. తమ్ముడి వల్ల ఆపా హాజరు తగ్గుతుంది, ఆ హాజరు వల్ల అమ్మీ సొమ్ము పోతుంది. పసివాణ్ణి చూసుకునే చోటు లేనిదే బడికిచ్చే డబ్బు పేదింటికి పూర్తిగా చేరదని మా అభిప్రాయం. మన పేటల్లో ఇంకొక చిక్కు కూడా ఉంది. ఇంట్లో ఉర్దూ తప్ప వినని మూడేళ్ల పిల్ల, ఉర్దూ రాని టీచరమ్మ దగ్గర వారం రోజులు ఏడ్చి మానేస్తుంది. అలా మానేసిన పిల్ల రేపు ఉర్దూ ఒకటో తరగతిలో చేరుతుందన్న నమ్మకం లేదు. సెక్షన్లు పలచబడడానికి ఇదీ ఒక కారణమే.

2002 సవరణ ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణకూ విద్యకూ రాజ్యం ప్రయత్నించాలన్నది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన వాళ్లకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు చేయవచ్చు అన్నది, చేయాలి అనలేదు. ఆ ఒక్క మాట తేడాతో ఎన్ని వార్డులు అలాగే ఉండిపోయాయో!

అదే చట్టం 9వ సెక్షన్ మాత్రం గట్టిది. తన పరిధిలో నివసించే పద్నాలుగేళ్లలోపు పిల్లలందరి రికార్డు స్థానిక సంస్థ ఉంచాలి. పద్నాలుగేళ్లలోపు అంటే చంకలో పిల్లాడూ అందులో ఉన్నాడు. మన సంఘం పెద్దలు ఈ ఏడు భవానీపురం, ఇస్లాంపేట, వించిపేట వార్డుల రికార్డులు చూపించమని కార్పొరేషన్ వారిని అడగాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు వార్డుకెందరో ఆ రికార్డుతో లెక్క వేసుకుంటే, 10కి, 40కి లెక్క ఎక్కడ సరిపోతుందో తేలిపోతుంది. ఆ లెక్క వేయడానికి సెలవు రోజుల్లో మా ఉపాధ్యాయులం కొందరం సిద్ధంగా ఉన్నాము.