పసిపొట్టకు పంది పేగు అతుకు

2022 ఏప్రిల్ 4న, ఇక్కడి నూకాంబిక అమ్మవారి జాతర నెలలోనే, అనకాపల్లి జిల్లా పుట్టింది. ఏటా ఆ తేదీ రాగానే జిల్లా చరిత్ర రాయమంటారు. ఇక్కడి పేరున్న బెల్లం గురించి అందరూ రాసేశారు గనుక నేను పొట్టల చరిత్ర ఎత్తుకున్నాను. ఈ ప్రాంతంలో బిడ్డ పేగులు పొట్ట బయట ఉండి పుడితే అందరికీ ముందు గుర్తొచ్చేది 1923 నాటి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రే (కేజీహెచ్).

కానీ పేగుల వైద్యం కథ అంతకంటే చాలా పాతది. తెగిన పేగు అంచుల్ని నల్లచీమలతో కరిపించి, తలలు ఉంచి మొండేలు తుంచెయ్యమన్నాడు సుశ్రుతుడు. బొడ్డు దగ్గర తిత్తితో పుట్టే శిశువుల గురించి పదహారో శతాబ్దంలో ఫ్రెంచ్ సర్జన్ ఆంబ్రాయిజ్ పారే రాశాడు. అక్కణ్ణుంచి ఒక్క గెంతులో 1948కి వద్దాం. బోస్టన్‌లో సర్జన్ రాబర్ట్ గ్రాస్ పెద్ద తిత్తులపై ముందు చర్మం మాత్రం కప్పి, కండరాల పని తర్వాతకు వాయిదా వేశాడు. 1967లో శామ్యూల్ షూస్టర్ టెఫ్లాన్ గుడ్డ కుట్టి, విడతలుగా బిగిస్తూ పేగుల్ని లోపలికి పంపాడు. కానీ ప్లాస్టిక్‌కు చీము పడితే వదలదు, పిల్లాడితోపాటు అది పెరగదు.

ఇక నాకిష్టమైన కథ. 1987, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం. పశువైద్యం, మనుషుల వైద్యం రెండూ చదివిన స్టీఫెన్ బడిలాక్‌కు కృత్రిమ రక్తనాళాలతో విసుగెత్తింది. రాకీ అనే కుక్క బృహద్ధమనిలో ఒక ముక్క తీసేసి, దాని చిన్నపేగు ముక్కనే అక్కడ కుట్టేశాడు. రాత్రికే పోతుందనుకున్నాడు. తెల్లారి వచ్చేసరికి రాకీ తోక ఆడిస్తూ తిండి కోసం చూస్తోంది! ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికింది. తర్వాత పిల్లి పేగు, పంది పేగు కూడా కుక్కల్లో పెట్టి చూశాడు. చివరికి పంది పేగులోని ఒక పలుచని పొర నిలిచింది. కణాలన్నీ కడిగేసిన ఆ పొర మీదికి రోగి సొంత కణాలే పాకి, కొత్త కణజాలాన్ని అల్లుకుంటాయి. పసిపిల్లల పొట్ట గోడకు అతుకు వెయ్యడానికి సర్జన్లు దాన్ని అందుకున్నది అందుకే.

ఇక్కడినుంచి కథ చిక్కుపడుతుంది. అతుకు ఖరీదు ఎక్కువ. కొందరిలో అది సాగి, హెర్నియా మళ్లీ వస్తుంది. మన దేశంలో చాలాచోట్ల మూత్రం పట్టే ప్లాస్టిక్ సంచినే కత్తిరించి పేగుల తొడుగు చేస్తారు. పెద్ద తిత్తికి మందు పూసి, చర్మం పట్టేదాకా ఆగుతారు. పంది పేగు గొప్పదే, అయితే సగం ప్రాణాన్ని కాపాడేది సకాలంలో అందే వైద్యం.

కాబట్టి గర్భిణులు అయిదో నెలలో బిడ్డ అవయవ లోపాలు చూసే టిఫా స్కాన్ మానొద్దు. లోపం కనబడితే పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు ఏర్పాటు చేసుకోండి. అనుకోకుండా అలాంటి బిడ్డ పుడితే పేగుల్ని చేత్తో లోపలికి నెట్టకండి. శుభ్రమైన ప్లాస్టిక్ చుట్టి, బిడ్డను వెచ్చగా ఉంచి, వెంటనే బయల్దేరండి.