వేలిముద్ర పైన ఎవరి మాట?

మహబూబాబాద్ వైపు ఒక పల్లెలో, పోడు భూమి దరఖాస్తు మీద వేలిముద్ర వేయబోతూ ఒకామె ఆగిపోయింది. “ఇండ్ల నేను చెప్పిందే రాసిండ్రా బిడ్డా?” అని నన్నడిగింది. చదివి వినిపించాను. ఆ కాగితంలో సాగు చేస్తున్నది ఆమె భర్త ఒక్కడే. చెట్లు నరికి, రాళ్లేరి, కలుపు తీసిన ఆమె ఎక్కడా లేదు. ఆ రోజునుంచీ పాలకుర్తి ఐలమ్మను నేను వేరేగా చదువుకోవడం మొదలుపెట్టాను.

ఐలమ్మ అనగానే మనకు కర్ర పట్టుకున్న స్త్రీ గుర్తొస్తుంది. విగ్రహాల్లోనూ అలాగే నిలబెట్టారు. ఆ కర్ర నిజమే. కాని దాని వెనక ఒక కోర్టు దావా కూడా ఉంది. 1940లలో మల్లంపల్లి మక్తేదారు దగ్గర కౌలుకు తీసుకున్న భూమిని ఆమె కుటుంబం సాగు చేసుకునేది. చాకలి కులపు స్త్రీ సొంతంగా సేద్యం చేయడం, పైగా సంఘంలో చేరడం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి గిట్టలేదు. ఆమె కుటుంబాన్నీ సంఘం నాయకుల్నీ కేసుల్లో ఇరికించాడు. భూమి తనదేనని కోర్టుకెక్కాడు. తీర్పు ఐలమ్మ వైపే వచ్చింది. అయినా దేశ్‌ముఖ్ పంటను ఎత్తుకుపోవడానికి మనుషుల్ని పంపితే, సంఘం కార్యకర్తలు వాళ్లను తరిమి, ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు.

అప్పటి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోది. సర్కారు భాష ఉర్దూ. భూమి లెక్కలు పట్వారీ చేతిలో. చదువురాని తెలుగు స్త్రీకీ కోర్టుకూ మధ్య ఎవరో ఒకరు నిలబడక తప్పదు. ఆ నిలబడేది దొర మనిషైతే భూమి పోతుంది, సంఘమైతే నిలుస్తుంది. 1921లో పుట్టిన ఆంధ్ర జన సంఘం వెట్టిచాకిరి వంటి విషయాల మీద తెలుగులో చిన్న పుస్తకాలు వేసింది. దాన్నుంచి వచ్చిన ఆంధ్ర మహాసభే పల్లెల్లో ‘సంఘం’ అయింది. చట్టాన్ని జనం భాషలో చెప్పే పనికి మన దగ్గర ఇంత చరిత్ర ఉంది.

అయితే ఐలమ్మ తన కథను తన మాటల్లో చెప్పగా మనం చదవడానికి చాలా ఏళ్లు పట్టింది. స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వెలువడింది. ఐలమ్మ 1985లోనే చనిపోయింది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో జిల్లాలయ్యాయి, 2022లో వాటికి జిల్లా కోర్టులు వచ్చాయి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. 2009 నుంచి పారా లీగల్ వాలంటీర్ల పథకమూ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టమైతే, పెళ్లయినవాళ్లకు హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరుమీదా ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. పాత కాగితాలు లేనివాళ్ల కోసం ఊరి పెద్దల నోటిమాటను రాసుకుని సాక్ష్యంగా చూడవచ్చని దాని నియమాలు ఒప్పుకున్నాయి. నోటిమాటకు అంత విలువిచ్చిన చట్టం కింద కూడా దరఖాస్తు రాసే చెయ్యి ‘యజమాని ఎవరు?’ అనే అడుగుతుంది. ఆ చెయ్యి దొరది కాకపోవచ్చు. సాయం చేయడానికి వచ్చిన మనదే కావచ్చు. రాసింది తిరిగి చదివి వినిపించకపోతే, మనం చేసిన సాయంలోనే ఆమె హక్కు జారిపోతుంది.

ఆ దరఖాస్తు మళ్లీ రాశాం. ఈసారి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మొదటినుంచి చివరిదాకా చదివించుకుని, తన పేరు దగ్గర ఇంకోసారి చదవమని, అప్పుడు వేలిముద్ర వేసింది.