నాణేల నుంచి పుస్తకంలోకి వచ్చిన దేవతలు

పాత బొమ్మల పుస్తకాలను కొనేవారు ఎక్కువగా చూసేది వాటి అందాన్నే. 1573లో ఆంట్‌వెర్ప్‌లో ఫిలిప్ గాల్ ప్రచురించిన ‘దేయోరుం దేయారుంక్వే కాపిత’కూ ఆ గతే పట్టింది. గ్రీకు, రోమన్ దేవతల శిరస్సులు, వాటి చుట్టూ అలంకారాల చట్రాలు: చూపు అక్కడే ఆగిపోతుంది. అయితే ఈ బొమ్మలకు ఆధారం భూపటకర్త అబ్రహాం ఓర్టీలియస్ సేకరించిన నాణేలని పుస్తకం శీర్షికే చెబుతుంది. నా దృష్టిలో దాని అసలు విలువ ఆ ప్రకటనే. 1570లో తన భూపటాల సంపుటంలోనూ ఓర్టీలియస్ తాను ఆధారపడ్డ పటకర్తల పేర్లు వరుసగా ఇచ్చాడు. ఆకరం చెప్పడం ఆయనకు అలవాటు.

నాణేల బొమ్మలు అచ్చువేయడం అప్పటికి కొత్త కాదు. 1517లోనే ఆండ్రియా ఫుల్వియో రోమ్‌లో ప్రముఖుల ముఖచిత్రాల పుస్తకం తెచ్చాడు. 1553లో లియోన్‌లో గియోమ్ రూయే అలాంటి పుస్తకాన్నే ఏకంగా ఆదాము నుంచి మొదలుపెట్టాడు. ఆదాముకు నాణెం ఎక్కడిది? ఆ ముఖం ఊహే. దేవతల విషయంలో 1556 నాటి విన్చెంజో కార్తారి గ్రంథం ప్రధానంగా కవుల, పండితుల మాటల మీదే నడిచింది. అదే ఏడాది గియోమ్ ద్యు షూల్ రోమన్ల మతాన్ని వివరించడానికి నాణేలను సాక్ష్యంగా తెచ్చాడు. ఓర్టీలియస్ పుస్తకం ఆ దారినే పట్టి, ఏ సేకరణలో వెతకాలో కూడా చెప్పింది.

చెక్కేవాడు అరిగిన ముఖాలకు నునుపు తెచ్చి ఉంటాడు కదా అనవచ్చు. నిజమే. కానీ ఆకరం తెలిస్తే ఆ తప్పును పట్టుకునే వీలుంది. ఇంతకన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది: శిరస్సును మాత్రమే తీసుకుంటే నాణెం ఊరు పోతుంది. ఏథెన్స్ నాణెం మీదా, కొరింథ్ నాణెం మీదా శిరస్త్రాణంతో కనిపించేది అథీనాయే. వెనక్కి తిప్పితే ఒకదాని మీద గుడ్లగూబ, మరొకదాని మీద రెక్కల గుర్రం. దేవత ఒకరే, ఆమెను చాటుకున్న నగరాలు వేరు. ఈ లోటుకు సమాధానం లేదు. వియన్నాలో 1792–98 మధ్య ఎనిమిది సంపుటాల్లో జోసెఫ్ ఎక్హెల్ నాణేలను ప్రాంతాల వారీగా అమర్చాకే నాణేన్ని దాని ఊరితో కలిపి చదవడం గట్టిపడింది. 1841లో హెచ్.హెచ్. విల్సన్ ‘అరియానా ఆంటిక్వా’లో అఫ్గాన్ నేల మీద దొరికిన కుషాణుల నాణేలను రెండు వైపులా ముద్రించాడు. అలా చూస్తేనే దేవతను చాటుకున్నది ఎవరో తెలుస్తుంది: కుషాణ రాజు కనిష్కుడి నాణేల మీద ఒక వైపు రాజు, రెండో వైపు గ్రీకు లిపిలో పేరుతో సహా దేవత ఉంటారు.