రహీం మాస్టారు: ఒక బడిపంతులు నేర్పిన ఫుట్‌బాలు

హనుమకొండలో మా ఇంటికి కొంత దూరంలో ఒక చిన్న కృత్రిమ పచ్చిక మైదానం ఉంది. చుట్టూ వల, పైన దీపాలు. సాయంకాలమైతే కుర్రవాళ్ళు జట్టుకు ఐదుగురు చొప్పున బంతి ఆడుతుంటారు. దాన్ని వాళ్ళు ఫుట్సాల్ అంటారు. ఒకనాడు వల పక్కన నిలబడి, భారత జట్టుకు ఆసియా స్వర్ణాలు తెచ్చిపెట్టిన హైదరాబాదు శిక్షకుడి పేరు తెలుసా అని వాళ్ళను అడిగాను. "సినిమా వచ్చింది కదండీ, అజయ్ దేవగణ్‌ది" అన్నాడొక కుర్రవాడు. నటుడి పేరు గుర్తుంది. ఆ మనిషి పేరు గుర్తులేదు. 2024లో వచ్చిన ఆ హిందీ చిత్రం లేకపోతే ఆ మాత్రమైనా ఉండేది కాదేమో! ఆ సంభాషణే ఈ నాలుగు మాటలకు కారణం.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. అప్పటికి మన వరంగల్లు నిజాం రాజ్యంలో ఒక సుబా. ఆ విధంగా ఆయన మన రాజధాని మనిషి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. తరువాత కమర్ క్లబ్ తరఫున నగరపు లీగులో ఆడారు. వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలలలో పనిచేశారు, వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించారు. ఆటగాడిగా ఆయన కీర్తి నగరపు పొలిమేర దాటలేదు. శిక్షకుడిగా ఖండాలు దాటింది. ఈ తేడాకు మూలం ఆయన పంతులు కావడంలోనే ఉందని నా నమ్మకం.

ఫుట్సాల్ పుట్టుక కూడా ఒక పంతులు చలవే. 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో హువాన్ కార్లోస్ సెరియానీ అనే ఉపాధ్యాయుడు, పిల్లలు కప్పు కింద ఆడుకోవడానికి వీలుగా ఆటను కుదించాడు. స్థలం తగ్గితే ఆలోచించే వ్యవధి తగ్గుతుంది. బంతి కాలికి అంటిపెట్టుకొని ఉండక తప్పదు. ఇబ్బందే గురువవుతుంది. రహీం గారు ఫుట్సాల్ ఎరుగుదురని నేను చెప్పబోవడం లేదు. కాని ఆ సూత్రాన్ని ఆయన తన దారిలో కనుగొన్నారు. హైదరాబాదు కుర్రవాళ్ళకు ఆయన విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదానిలో బంతిని తనవద్ద ఉంచుకొని ప్రత్యర్థులను తప్పించుకుంటూ పోవడం నిషిద్ధం; అందిన వెంటనే మరొకరికి అందించాలి. ఇంకొకదానిలో వాటం లేని కాలితోనే ఆడాలి. చేతి వ్రాత బాగులేని పిల్లవాడి చేత కాపీ వ్రాయించే పంతులు పద్ధతి ఇది. లోపం ఎక్కడుందో అక్కడే అభ్యాసం.

1943 నుండి మరణించే వరకు ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బుల ఏలుబడి సాగుతున్న రోజులవి! జాతీయ జట్టు బాధ్యత కూడా ఆయనదయింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల తుది పోటీలో, మేవాలాల్ చేసిన ఒకే ఒక గోలుతో భారత్ ఇరాన్‌ను ఓడించింది.

మరుసటి ఏడే హెల్సింకీలో గర్వభంగం. యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్ళలో అనేకులు ఆనాడు బూట్లు లేకుండానే ఆడారు. చలిదేశపు నేలమీద, బూట్ల కాళ్ళ నడుమ, ఉత్త కాళ్ళు! మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయింది దాని తరువాతనే. అదే ఒలింపిక్స్‌లో స్వర్ణం హంగేరీది. వాళ్ళ ముందువరుస ఆటగాడొకడు వెనక్కి జారి ఆట నడిపే పద్ధతి ప్రపంచాన్ని విస్మయపరిచింది. ఆంగ్లేయులు మనకు నేర్పిపోయిన పాత వ్యూహాన్ని రహీం గారు పక్కకు పెట్టి, ఈ కొత్త దారి పట్టారు. 4-2-4 వ్యూహాన్ని బ్రెజిల్ కన్నా ముందే ఆయన కనిపెట్టారని కొందరు అభిమానంతో అంటారు. అంత మాట అనక్కరలేదు. ఆ ఆలోచన ఆ దశాబ్దంలో హంగేరీలో, బ్రెజిల్‌లో రూపుదిద్దుకుంటూనే ఉంది. వార్తలు ఓడల మీద వచ్చే కాలంలో ఒక హైదరాబాదు పంతులు దానిని అందిపుచ్చుకొని, తన పిల్లల శక్తికి తగినట్లు మలచుకున్నారు. గొప్పతనానికి అది చాలదా?

ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనబడింది. ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించాము. నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. అక్కడ మళ్ళీ అదే యుగోస్లావియా. మొదటి గోలు మనది, కాని 4-1తో ఓడాము. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 3-0తో ఓడి నాలుగవ స్థానంలో నిలిచాము. నాలుగేళ్ళలో 10-1 నుండి 4-1కి రావడం చిన్న దూరం కాదు.

ఆ జట్టులో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ నుండి వచ్చిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. శిక్షణకు రావడానికి దారిఖర్చు లేదంటే, సైకిలు అద్దె తానే ఇస్తానని మాస్టారు అన్నారని బలరాం పిమ్మట చెప్పుకున్నాడు. వ్యూహాల గురించి ఎంత వ్రాసినా, నాకు ఆయన చరిత్ర అంతా ఆ సైకిలు అద్దెలోనే ఉన్నట్లు తోస్తుంది.

1962 జకార్తా కథ చాలామంది విన్నదే. ఇస్రాయేలు, తైవాన్ క్రీడాకారులను ఇండొనేసియా రానివ్వకపోవడాన్ని భారతీయ ప్రతినిధి సోంధీ విమర్శించినందుకు అక్కడి జనం మనపై మండిపడుతున్నారు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాము. రక్షణవరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ మనిషిని రహీం గారు కూర్చోబెట్టలేదు, ముందువరుసకు పంపారు! సెప్టెంబరు 4న తుది పోటీలో మళ్ళీ కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ కుట్ల తలతో జర్నైల్ ఒక గోలు. 2-1తో స్వర్ణం మనది. ఏడాది తిరగకుండానే 1963 జూన్ 11న కేన్సరు మాస్టారిని తీసుకుపోయింది.

ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు స్వర్ణం రాలేదు. చివరి పతకం 1970 నాటి కాంస్యం. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. తరువాత ఆయనా జాతీయ జట్టుకు శిక్షకుడై ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. రహీం గారు పోయిన ఇరవై రెండేళ్ళకు, 1985లో గాని ఆ పురస్కారం పుట్టనే లేదు.

మన తెలుగువాళ్ళం ఆయనను ఎందుకు మరిచాము? ఆయన ఉర్దూ హైదరాబాదు మనిషి కావడం ఒక కారణమేమోనని నాకు అనుమానం. సిటీ పోలీసు విజయాలను ఇంట్లో తెలుగు మాట్లాడుకునే వాళ్ళూ చూసి కేకలు వేసే ఉంటారు. కాని మా ఇంటి పెద్దల కబుర్లలో నిజాం వచ్చాడు, రజాకార్లు వచ్చారు, రహీం మాస్టారు మాత్రం రాలేదు. ఒక భాష వాళ్ళ జ్ఞాపకం మరొక భాష వాళ్ళ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మాస్టారి విద్య ప్రధానంగా శిష్యుల కాళ్ళలో, మాటలలో నిలిచింది. ఆయన కుమారుడు, తానూ ఒలింపిక్ జట్టు సభ్యుడైన షాహిద్ హకీం 2021లో పోయారు. బలరాం 2023లో పోయారు. ఆ పాఠాలు స్వయంగా విన్నవారు ఇక ఎందరు మిగిలి ఉంటారు?

మిత్రులారా, మీ ఇళ్ళలో ఫతే మైదాన్‌లో ఆనాటి ఆటలు చూసిన పెద్దలుంటే ఈ ఆదివారమే వాళ్ళ పక్కన కూర్చొని అడగండి. ఏ భాషలో చెప్పినా సరే, తెలుగులో వ్రాసిపెట్టండి. మా మైదానం కుర్రవాళ్ళకు నేను రహీం గారి రెండు పోటీల సంగతీ చెప్పాను. ఇప్పుడు వాళ్ళు శనివారాలు ఎడమకాలితో ఆడుతున్నారు. గోల్సు పడడం లేదు గాని, నవ్వులకు మాత్రం కొదవ లేదు.